పత్తి నేల పిల్లలకు పోగు పరాయిదా?

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యా శాఖ ఉన్నతాధికారులకు, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలోని జిల్లా విద్యాశాఖాధికారులకు,

బడి కాలపట్టికలో 'పని విద్య' అని రాసి ఉన్న పీరియడ్‌ను గణితానికో భౌతికశాస్త్రానికో అప్పగించడం, ఏడాది చివర ఆ గడిలో ఏదో ఒక గ్రేడు నింపి పంపేయడం ఎవరికీ తప్పుగా తోచనంత అలవాటుగా మారింది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం మీద సమీక్షల మీద సమీక్షలు జరిపే మీ శాఖ, పిల్లల చేతులు ఏడాది పొడవునా ఏ పని నేర్చాయన్న ప్రశ్నను ఒక్క సమీక్షలోనైనా వేస్తుందా? కుట్లు, అల్లికలు చదువు కావనీ, తీరిక ఉన్నవాళ్ల కాలక్షేపమనీ, అందులోనూ ఊలు అల్లిక చలిదేశాల వ్యవహారమనీ స్థిరపడిపోయిన భావం ఈ అలవాటుకు మూలం. ఆ భావాన్ని అంగీకరించడం సాధ్యం కాదని చెప్పడానికే ఈ లేఖ. పని విద్య అనే విస్తారమైన రంగంలోంచి ఒక్క చిన్న పనిని, అంటే పత్తి, ఉన్ని వంటి సహజమైన నారలతో రెండు సూదుల మీద అల్లడం నేర్చుకోవడాన్ని, ఇది ఉదాహరణగా తీసుకుంటుంది.

ముందుగా బాధ్యత సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లల సంఖ్య 100 దాటిన ప్రతి పాఠశాలకూ కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని చెబుతుంది. అనుబంధం చట్టంలో భాగమే గాని సలహా కాదు. మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం గురించి అదే అనుబంధంలో ఉన్న వాక్యాలను గోడలకు రాయించిన శాఖకు ఈ వాక్యం ఎందుకు కనిపించలేదు? రాష్ట్ర పాఠ్య ప్రణాళికలో పని విద్యను కంప్యూటర్ విద్యతో కలిపి ఒకే సహపాఠ్య రంగంగా చూపడం వల్ల, కంప్యూటర్ గదికి తాళం తీసిన రోజున ఆ గడి నిండినట్టు, తీయని రోజున కూడా నిండినట్టు లెక్క తేలుతోంది. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే. విచిత్రమేమిటంటే, ఏకు అంటే ఏమిటో ఈ సామెత వాడే పిల్లల్లో చాలామందికి తెలియదు. గింజ తీసి, చిక్కు విప్పి, వడకడానికి వీలుగా వేలి లావున చుట్టిన దూది వత్తిని ఏకు అంటారు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్ల వరుసలు చూస్తూ బడికి నడిచే పిల్లకు ఆ మాట పరాయిదైతే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడాలి?

అల్లిక చలిదేశపు పని అనేవారు తమ ఒంటి మీది బనియన్‌ను ఒకసారి సాగదీసి చూడాలి. నేసిన గుడ్డలో నిలువు పోగుల వరుస పడుగు, అడ్డంగా నడిచేది పేక, ఈ రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి కనుక ఆ గుడ్డ సాగదు. అల్లిన గుడ్డలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకే పోగు ఉచ్చు కడుతుంది, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు పుడుతుంది, ఆ ఉచ్చుల వరుసే గుడ్డ. అందుకే అది సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. కరీంనగర్ ఎండలో రోడ్డు పని చేసే మనిషి చెమట పీల్చే బనియన్, కాలేజీ పిల్లవాడి టీషర్టు, బడి పిల్లల మేజోళ్లు, ఇవన్నీ యంత్రం మీద అల్లినవే. పోగును ఉచ్చుగా, ముడిగా మలచే నేర్పు ఈ నేలకు కొత్తది కాదు. దూడ పాలు తాగకుండా, ఎద్దు పైరును అందుకోకుండా మూతికి కట్టే చిక్కం, దూలానికి వేలాడే ఉట్టి, గోదావరి ఒడ్డున చేపల వల, ఇవన్నీ మగ్గం అవసరం లేకుండా చేత్తో కట్టినవి. రెండు సూదుల అల్లిక బయటి నుంచి వచ్చిన మాట నిజమే. నరసాపురం లేసు కూడా 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పినదే, ఇవాళ అది గోదావరి ఆడవాళ్ల సొంత విద్యగా లోకానికి తెలుసు. వచ్చిన విద్యను సొంతం చేసుకోవడానికి ఉత్తర తెలంగాణకు ఏమి అడ్డం?

ఇక్కడి ఎండలకు ఊలు ఎందుకన్న వాదం కూడా సగమే నిజం. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలే పుష్యమాసంలో రాష్ట్రమంతటి కంటే ఎక్కువగా వణుకుతాయి. తిర్యాణి మండలం గిన్నెధరి పేరు శీతకాలపు వార్తల్లో ఏటా వినబడుతుంది. ఆ ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల పిల్లలు తెల్లవారుజామున కప్పుకునేది ఏ పోగుతో చేసిన స్వెట్టరో, అది చలిని ఆపుతుందో లేదో మీలో ఎవరైనా తడిమి చూశారా? బజారులో ఊలు అన్న పేరుతో అమ్ముడయ్యే రంగురంగుల ఉండల్లో చాలామటుకు గొర్రె మీది నుంచి వచ్చినవి కావు, పెట్రోలియం నుంచి తీసిన ఆక్రిలిక్ అనే కృత్రిమ పోగు. బడుల్లో ఎప్పుడైనా అల్లికల ప్రదర్శన పెడితే కనిపించేవీ ఆ ఉండలే, వాటి పక్కన ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్టలు.

ఈ తేడాను ఉపన్యాసంతో కాదు, ఒక దీపం, ఒక పళ్లెం, ఒక పట్టకారుతో పావుగంటలో చూపించవచ్చు. ఉపాధ్యాయుడు జానెడు పొడవున్న మూడు పోగులను ఒకదాని తరువాత ఒకటి మంట దగ్గరికి తెస్తాడు. పత్తి పోగు చురుగ్గా అంటుకుని, కాగితం కాలిన వాసన వేసి, ఊదితే ఎగిరిపోయే బూడిద అవుతుంది. ఉన్ని పోగు ముడుచుకుపోయి, వెంట్రుక కాలిన కమురు వాసన వేసి, మంట తీసేయగానే ఆరిపోతుంది. మిగిలిన నల్లటి ముద్దను వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ పోగు కరిగి, మసి కక్కి, చల్లారాక గోరుకు లొంగని గట్టి పూసగా మిగులుతుంది. ఏది మొక్క సెల్యులోజ్, ఏది జంతు మాంసకృత్తు, ఏది ప్లాస్టిక్ అన్న సంగతి ఆ తరువాత ఏ పిల్లా మరిచిపోదు. దీన్ని రసాయనశాస్త్ర పాఠం అందామా, పని విద్య అందామా?

తేమ సంగతీ అంతే. ఆదిలాబాద్ రైతు బిడ్డ భౌతికశాస్త్రం పుస్తకం తెరవకముందే 'తేమ శాతం' అన్న మాట వింటుంది. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొనేటప్పుడు 8 శాతాన్ని ప్రమాణంగా పెట్టుకుని, 12 శాతం దాటితే తీసుకోనంటుంది కనుక ఆ రెండంకెల మధ్య ఇంటి ఏడాది ఆదాయం ఊగుతుంది. గాలిలోని తేమను పీల్చి దాచుకోవడం పత్తి గుణమనీ, ఉన్ని ఆ పనిలో పత్తిని మించిపోయి తన బరువులో దాదాపు మూడో వంతు వరకు ఆవిరిని లోపల పెట్టుకుని కూడా తడిగా అనిపించదనీ, ఆక్రిలిక్ ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిపోతుంది కనుక దాన్ని తొడిగిన ఒంటికి చెమట అంటుకుంటుందనీ ఆ బిడ్డకు బడి చెప్పవద్దా? 2016లో బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 6 కిలోల ఆక్రిలిక్ బట్టలను ఒక్కసారి యంత్రంలో ఉతికితే 7 లక్షలకు పైగా సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలవవచ్చని లెక్కగట్టారు. ఆ నీళ్లు చేరేది ఇక్కడైతే మానేరుకూ కడెంకూ గోదావరికీ.

అయితే సహజ నారల అల్లికను పర్యావరణం పేరు చెప్పి మందులాగా మింగించాలని ఈ లేఖ కోరడం లేదు. అది నేర్చుకోవడంలో ఉన్న ఆనందమే అసలు విషయం. ఆనందం అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఇమడదు కనుక దాన్ని కొంత దగ్గర నుంచి చూపవలసి ఉంటుంది. పగిలిన పత్తి కాయలోంచి ఒక రెబ్బ తీసి, గింజ ఒలిచి, మిగిలిన దూదిని రెండు చేతులతో మెల్లగా విడదీస్తే పాయలు పాయలుగా జారుతుంది. దాని కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలుపుతూ లాగితే, అంగుళం పైచిలుకు పొడవున్న ఆ నూగు ఒకదాన్నొకటి పట్టుకుని దారం అవుతుంది. ఆ మెలికను పురి అంటారు. పురి చాలకపోతే దారం దూదిగా విడిపోతుంది, మించితే తనకు తానే చుట్టుకుని ముడి పడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న హద్దును పుస్తకం చెప్పలేదు, వేలి కొస చెబుతుంది. అలా వడికిన రెండు పోగులను కలిపి పురికి ఎదురు దిక్కున మెలివేస్తే అవి ఒకదాన్నొకటి బిగించుకుని నిలుస్తాయి, అల్లికకు తగిన దారం అప్పుడు చేతికి వస్తుంది. మొదటి రోజు పిల్లలు వడికేది జానెడే, అదీ లావూ సన్నంగా. ఆ జానెడు దారాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి పోని పిల్ల ఉండదు.

అల్లికకు ఉన్న మూలపాఠాలు రెండే రెండు. సూదిని ఉచ్చులోకి ముందు నుంచి గుచ్చి కొత్త ఉచ్చును ముందుకు లాగితే సీదా కుట్టు, వెనుక నుంచి గుచ్చి కొత్త ఉచ్చును వెనక్కి నెట్టితే ఉల్టా కుట్టు. సీదా కుట్ల వరుస జడ పాయల్లా కనిపిస్తుంది, ఉల్టా కుట్ల వరుస జొన్న గింజలు పేర్చినట్టు ఉంటుంది. గుడ్డను తిప్పి చూస్తే ఇటు సీదా అయింది అటు ఉల్టాయే. ప్రపంచంలోని స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్లు అన్నీ ఈ రెండింటి కలయికలే అని తెలిసిన రోజున పిల్లల ముఖాల్లో వెలిగే వెలుగు, అక్షరాలు కూడి మాట అయినప్పటి వెలుగు లాంటిది. ఒక కుట్టు జారితే అది నిచ్చెన మెట్లలా కిందికి దిగుతుంది, కొక్కెం సూదితో ఒక్కొక్క మెట్టూ ఎక్కించి తేవచ్చు. పది వరుసలు తప్పుగా అల్లితే కొస పట్టి లాగితే పోగంతా వచ్చేస్తుంది, మళ్లీ మొదలుపెట్టవచ్చు. తప్పు చేస్తే మార్కులు పోయే చదువులో, తప్పు చేసినా దారం పోని చదువు ఒకటి వారానికి రెండు గంటలు ఉంటే మీకు వచ్చే నష్టం ఏమిటి?

గణితానికి పీరియడ్ ఇచ్చేశామని తృప్తిపడేవారు ఒక లెక్క చూడాలి. పది సెంటీమీటర్ల చదరపు నమూనా అల్లి అందులో అడ్డంగా 18 కుట్లు వచ్చాయని లెక్కపెట్టిన పిల్ల, 45 సెంటీమీటర్ల వెడల్పు సంచికి 81 కుట్లు ఎక్కించాలని త్రైరాశికంతో తేలుస్తుంది. దారం మారితే, పట్టు బిగుసుకుంటే ఆ అంకె మారుతుంది, లెక్క తప్పితే సంచి పుస్తకానికి పట్టదు. నల్లబల్ల మీద తప్పిన లెక్కకు ఇంత సూటిగా జవాబు చెప్పేది ఏముంది?

ఉన్ని గురించి చెప్పేటప్పుడు ఒక మొహమాటం అడ్డువస్తుంది, ఎందుకంటే ఈ ప్రాంతపు నల్ల గొర్రె ఉన్ని మెత్తనిది కాదు. ఆస్ట్రేలియా మెరినో ఉన్ని పోగు 20 మైక్రాన్ల అటూ ఇటూ ఉంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇక్కడి దక్కనీ జాతి నల్ల గొర్రె ఉన్ని 40 మైక్రాన్లు దాటుతుంది, మెడకు తగిలితే గుచ్చుతుంది. గొర్రెల కాపరులైన కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తిరించే ఆ ఉన్నిని ఆడవాళ్లు ఏకి, రాట్నం మీద వడికితే, మగవాళ్లు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద గొంగడి నేసేవారు. వానకు తల మీదుగా కప్పుకోవడానికి, చలికి చుట్టుకోవడానికి, చేనులో పరుచుకోవడానికి ఒకే గుడ్డ. పెళ్లిలోనూ కురుమల దైవం బీరప్ప కొలువులోనూ దానికి చోటు ఉంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకం మాంసాన్ని దృష్టిలో పెట్టుకున్నది కనుక, బయటి నుంచి వచ్చిన మందల్లో ఉన్ని లేని నెల్లూరు జాతే ఎక్కువగా దిగింది. నల్ల మందలు అంతకు ముందే తగ్గుతూ వచ్చాయి. ఉన్నికి కత్తిరింపు కూలి కూడా గిట్టని రోజుల్లో కాపరిని తప్పుపట్టడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే అవుతుంది. పశుసంవర్ధక శాఖ చేసిన దానికి విద్యా శాఖను నిలదీయడం న్యాయం కాదు. కానీ ఉన్నిని ముట్టుకున్న పిల్లలే లేని జిల్లాలో రేపు ఉన్నికి విలువ కట్టేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

బిరుసు ఉన్నితోనూ అల్లవచ్చు, ఒంటికి తగిలే బనియన్ కాకపోవచ్చు గాని బడి సంచి, కూర్చునే ఆసనం, అస్తరు వేసిన టోపీ, నీళ్ల సీసాకు తొడుగు చక్కగా కుదురుతాయి. ఐస్‌లాండ్ ప్రజలు తమ గొర్రెల మొరటు ఉన్నిని చూసి సిగ్గుపడి మెరినో తెచ్చుకోలేదు. పురి దాదాపు లేని ఆ లావు పోగుతోనే భుజాల చుట్టూ వలయంగా నమూనా తిరిగే స్వెట్టర్‌ను 20వ శతాబ్దం మధ్యలో రూపొందించుకుని దాన్ని దేశానికే గుర్తుగా మార్చుకున్నారు. ఫిన్లాండ్ తన ప్రాథమిక పాఠశాలల్లో చేతిపనిని 1866లోనే తప్పనిసరి చేసింది, ఇప్పటికీ తీసేయలేదు. అక్కడి పాఠశాలల పరీక్షా ఫలితాలను సదస్సుల్లో తెరల మీద చూపించే మన విద్యావేత్తలు ఈ ఒక్క విషయం దగ్గర తెర ఎందుకు మారుస్తారో తెలియదు.

చేతిపని అనగానే కులం వాసన వస్తుందనే భయం ఒకటుంది. అది నిరాధారమైనది కాదు, అవహేళన చేయదగినదీ కాదు. 1937లో వార్ధాలో మొదలై జాకిర్ హుస్సేన్ సంఘం రూపుదిద్దిన నయీ తాలీం అనే విద్యా పద్ధతి, వడకడాన్ని, నేయడాన్ని చదువుకు ఇరుసుగా పెట్టింది. కానీ 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒక పూట బడి, మిగిలిన పూట తండ్రి వృత్తి అన్న పద్ధతిని తెచ్చినప్పుడు దాన్ని కులవిద్యా పథకమని ప్రజలు తిప్పికొట్టారు, మరుసటి ఏడాదే అది రద్దయింది. ఆ తిరస్కారం సరైనదే. కురుమ బిడ్డకు ఉన్ని, పద్మశాలి బిడ్డకు మగ్గం అని పంచిపెట్టే బడి బడి కాదు. సూదుల అల్లిక ఇక్కడ ఏ కులానికీ వారసత్వం కాకపోవడం ఈ సందర్భంలో ఒక అదృష్టం. డాక్టరు కొడుకూ గొర్రెల కాపరి కూతురూ ఒకే బెంచీ మీద ఒకే వరుస అల్లి, ఒకే చోట కుట్టు జార్చుకుంటారు. ఆడపిల్లల పని అనే మాటకూ పునాది లేదు. యూరప్ నగరాల్లో ఒకప్పుడు మేజోళ్లు అల్లే వృత్తి సంఘాలు మగవాళ్లవే. గొంగడి నేసిందీ మగవాళ్లే.

ఇక ఎవరు నేర్పుతారు, దేనితో నేర్పుతారు అన్న ప్రశ్నలు. ఇవి నిజంగా అడిగితే జవాబులు దగ్గరలోనే ఉన్నాయి. వెదురు పుల్లలను గరుకు కాగితంతో రుద్ది, కొస చెక్కి, కాస్త నూనె రాస్తే అల్లిక సూదులు తయారవుతాయి, ఆదిలాబాద్ అడవి అంచున వెదురుకు కరువు లేదు. సైకిల్ చువ్వలతో అల్లినవాళ్లూ ఉన్నారు. పత్తి దారానికి మెట్‌పల్లి ఖాదీ ఉంది, జమ్మికుంట దగ్గర వావిలాల ఖాదీ ఉంది. ఉన్ని వడికే చేతులు కురుమవాడల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. చట్టం చెప్పిన పార్ట్‌టైమ్ బోధకురాలిగా అరవై దాటిన అటువంటి ఒక అవ్వను పిలవవలసి వస్తే మీ శాఖ ఆమెను ఏ సర్టిఫికెట్ అడుగుతుంది? యాభై ఏళ్లు తిప్పిన రాట్నం ఏ కోర్సుకు సమానమని ఏ ఉత్తర్వు తేల్చగలదు? ఈ చిక్కును విప్పవలసినది మీరే, ఎందుకంటే అర్హతల నిబంధనలు రాసేది మీరు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక వృత్తి నిపుణుల దగ్గర గడపాలని సూచించింది. ఆ విధానంతో మిగతా విషయాల్లో ఎన్ని పేచీలైనా ఉండవచ్చు, ఈ పది రోజుల మీద పేచీ పెట్టుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

కాబట్టి ప్రజల పక్షాన మీ ముందు ఉంచుతున్న కోరికలు కొన్నే. రెండు ఉమ్మడి జిల్లాల్లో 100 మంది దాటిన ప్రాథమికోన్నత, ఉన్నత పాఠశాలల్లో పని విద్యకు బోధకులు ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో మండలాలవారీగా ప్రకటించండి. పని విద్య గ్రేడు వేసే ముందు పిల్ల చేసిన వస్తువు ఒకటి చూడాలన్న నియమం పెట్టండి, అది నాలుగు వేళ్ల వెడల్పున్న వంకరటింకర అల్లిక ముక్క అయినా సరే. ఏ పాఠశాలలో అల్లిక మొదలైనా అందులో తొలి పోగు ఆక్రిలిక్ కాకుండా ఆ ఊరి పత్తో, ఆ మండలపు ఉన్నో అయ్యేట్టు చూడండి.

దీపావళి దాటితే పత్తి తీతలు ఊపందుకుంటాయి. చేను నుంచి బడికి దారిలో ఒక రెబ్బ దూది జేబులో వేసుకుని వచ్చే పిల్లలు ఈ రెండు జిల్లాల్లో వేలమంది ఉంటారు. ఆ రోజు రెండో పీరియడ్‌లో దాన్ని బల్ల మీద పెట్టమని అడిగే మనిషి తరగతి గదిలో ఉంటాడా లేడా అన్నది ఈ జూన్‌లోగా మీరు చేసే సంతకం మీద ఆధారపడి ఉంది.

ఇట్లు,
ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పౌరుల పక్షాన